మాస్టారికి ఉత్తరం: సీసాలో పడ్డ వాన, నూతిలోకి దిగిన నీరు

మృగశిర కార్తె వచ్చి పది రోజులు దాటింది, బడులు తెరిచారు, ఆకుమళ్ళ పని మొదలైంది. ఈ నెల నాకొచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా వాన గురించే ఉన్నాయి, అందులోనూ టీచర్లు రాసినవే ఎక్కువ. అందుకని మిగతా ప్రశ్నలు వచ్చే నెలకి ఉంచి ఈసారి శీర్షిక అంతా వానకే ఇస్తున్నాను. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చినవే తీసుకున్నాను, ఎందుకంటే ఆ ఊళ్ళూ ఆ గెడ్డలూ (వాగులూ) నాకు తెలిసినవి, ముప్పై ఏళ్ళు అక్కడి బడుల్లోనే సైన్స్ చెప్పాను.

ప్రశ్న: మాస్టారూ, నేను ఐదో తరగతికి చెబుతున్నాను. మా పిల్లలు నీటి చక్రం బొమ్మ చక్కగా వేస్తారు, బాణాలు పెడతారు, బాష్పీభవనం, సాంద్రీకరణం, అవపాతం అని తడుముకోకుండా అప్పజెప్పేస్తారు. మొన్న ఒక పాపని "మన చెరువులోకి నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయి?" అని అడిగితే "మోటారు వేస్తే వస్తాయి టీచర్" అంది. నాకు చాలా బాధనిపించింది. ఎక్కడ తప్పు చేస్తున్నాను?
టెక్కలి మండలం నుంచి ఒక ఉపాధ్యాయిని

జవాబు: ఆ పాప తను చూసింది చెప్పిందమ్మా, బాధపడకండి. మోటారు వేస్తే నీళ్ళు రావడం రోజూ చూస్తోంది, మేఘం కొండ మీద కురిసి నదిగా దిగడం ఎప్పుడూ చూడలేదు. పుస్తకంలో బొమ్మ ఎలా ఉంటుంది? ఒక పక్క సముద్రం, ఇంకో పక్క మంచు కప్పిన కొండ, మధ్యలో నీలం గీతలాగా ఒక నది. అందులో మీ ఊరు లేదు, మీ చెరువు లేదు, వరి మడి లేదు, నుయ్యి లేదు, మోటారూ లేదు. ఎవరి ఊరి బొమ్మనో పిల్లలు కంఠతా పడుతున్నారు, అంతే.

నా మాట విని ఒక వారం పుస్తకం మూసేయండి. బాష్పీభవనం అనే మాట కూడా ఆ వారం వద్దు. మనకి "ఇగరడం" అనే మాట ఇంట్లోనే ఉంది. రొయ్యల ఇగురు అని ఎందుకంటారని అడగండి, నీళ్ళు ఇగిరిపోయేదాకా పొయ్యి మీద ఉంచుతారు కాబట్టి అని ఎవరో ఒకరు చెప్తారు. ఆ నీళ్ళు ఎటు పోయాయి అన్నది మీ రెండో ప్రశ్న. అన్నం గిన్నె మూత తీసినప్పుడు లోపలి వైపు వరసగా నిలబడ్డ చుక్కలు ఎక్కడివి అన్నది మూడోది. చాలామంది పిల్లలకి నీళ్ళు మరిగితేనే ఆవిరవుతాయని ఒక నమ్మకం ఉంటుంది, పొయ్యి దగ్గరే ఆపేస్తే అది ఇంకా గట్టిపడుతుంది. అందుకని వెంటనే బయటికి తీసుకెళ్ళండి. గచ్చు మీద ఎండలో ఒక గ్లాసు నీళ్ళు, నీడలో ఒక గ్లాసు నీళ్ళు పోయించి, తడి అంచు చుట్టూ సుద్దముక్కతో గీత గీయించండి. పది నిమిషాలకోసారి కొత్త అంచు దగ్గర కొత్త గీత. గంట తిరిగేసరికి ఎండలో ఒకదానిలో ఒకటిగా వలయాలు ఏర్పడతాయి, నీడలో మొదటి రెండు గీతల దగ్గరే తడి ఇంకా ఉంటుంది. గాలి బాగా వీచే రోజు ఇదే పని మళ్ళీ చేయించండి, తేడా వాళ్ళే చెప్తారు. ఆ గీతలు చూసిన పిల్లకి చెరువు వేసవిలో ఎందుకు లోపలికి కుంచించుకుపోతుందో మీరు చెప్పక్కర్లేదు.

వేపకొమ్మ ఒకదానికి ఆకులతో సహా పాలిథిన్ సంచి తొడిగి నోరు గట్టిగా కట్టించండి. పొద్దున్న కడితే మధ్యాహ్నం బెల్లు కొట్టేసరికి సంచి లోపల చెమ్మ పట్టి, అడుగున చుక్కలు చేరతాయి. చెట్టు కూడా గాలిలోకి నీళ్ళు వదులుతుందని, బాష్పోత్సేకం అంటే ఇదేనని అప్పుడు చెప్పండి, మాట నోరు తిరగకపోయినా విషయం మనసులో ఉండిపోతుంది.

ఆ తర్వాత ఊళ్ళోకి నడిపించండి. చెరువు గట్టు ఎక్కి నీళ్ళు ఏ వైపు నుంచి వస్తాయి, మదుం (తూము) ఎటు తెరుచుకుంటుంది, మిగులు నీరు ఏ గెడ్డలో పడుతుంది అని పెద్దవాళ్ళని అడిగించండి. మన దగ్గర ఏ గెడ్డని పట్టుకున్నా చివరికి సముద్రం కనిపిస్తుంది, అదే మన అదృష్టం. వంశధార కళింగపట్నం దగ్గర, నాగావళి కల్లేపల్లి దగ్గర, చంపావతి కోనాడ దగ్గర, మహేంద్రతనయ బారువ దగ్గర కలుస్తాయి. పిల్లలు తమ చెరువు నుంచి సముద్రం దాకా దారి గీసుకున్నాక, ఆ కాగితం మీదే బాణాలు పెట్టించండి. మోటారు కూడా గీయించండి, ఆ పాప చేతే గీయించండి.

ప్రశ్న: ఆరో తరగతి పిల్లలతో వాన కొలిచే రెయిన్ గేజి చేయిద్దామని ఉంది. కొనడానికి డబ్బు లేదు. రెండు లీటర్ల కూల్ డ్రింక్ సీసాతో చేస్తే లెక్క సరిగ్గా వస్తుందా? పిల్లలు అడుగుతున్నారు, పెద్ద సీసా పెడితే ఎక్కువ నీళ్ళు పడతాయి కదా, అప్పుడు ఎక్కువ వాన పడినట్టు చూపించదా అని. నాకూ సరిగ్గా చెప్పడం రాలేదు.
చీపురుపల్లి నుంచి ఒక ఉపాధ్యాయుడు

జవాబు: పిల్లలు అడిగింది చాలా మంచి ప్రశ్న మాస్టారూ, అక్కడి నుంచే మొదలుపెట్టండి. వాన పడుతున్నప్పుడు ఒక గ్లాసు, ఒక టిఫిన్ క్యారేజీ గిన్నె, ఒక వెడల్పాటి డబ్బా, మూడూ నిలువు గోడలవే, ఆరుబయట పక్కపక్కన పెట్టించండి. వాన ఆగాక మూడింట్లోనూ స్కేలు ముంచి చూడండి. డబ్బాలో నీళ్ళు ఎక్కువే ఉంటాయి, కానీ లోతు మూడింట్లోనూ దాదాపు ఒకటే. వానని మనం లోతుగా కొలుస్తాం. పడ్డ నీరు ఇంకకుండా, పారకుండా, ఇగరకుండా నేల మీద అలాగే నిలబడితే ఎంత ఎత్తు ఉండేదో అదే వాన లెక్క. పక్కన బకెట్ కూడా ఒకటి పెట్టండి. దాని నోరు వెడల్పు, అడుగు ఇరుకు కాబట్టి లోతు ఎక్కువ చూపిస్తుంది. నిలువు గోడలు ఎందుకు కావాలో బకెట్ చెప్పేస్తుంది.

ఇక సీసా. భుజం వంపు తిరిగే చోట, గోడలు నిలువుగా మొదలైన దగ్గర కత్తిరించండి. మూత తీసేసిన పైముక్కని తలకిందులుగా దాంట్లోనే దింపితే గరాటు అవుతుంది, లోపలి నీరు ఎండకి ఇగిరిపోకుండా కూడా కాపాడుతుంది. సీసా అడుగు గుంటలు గుంటలుగా ఉంటుంది కాబట్టి గులకరాళ్ళు వేసి, నిలువు గోడ మొదలయ్యేదాకా నీళ్ళు పోసి, అక్కడ సున్నా గీత గీయండి. రాళ్ళు ఉంటే గాలికి సీసా పడిపోదు కూడా. రోజూ చూశాక నీటిని మళ్ళీ సున్నా గీతకి తేవాలి, ఇది మరిచిపోతే నిన్నటి వాన ఇవాళ్టి లెక్కలో కలుస్తుంది. స్కేలుని సీసా బయట టేపుతో అంటించండి, నీటి మట్టానికి కన్ను సమానంగా పెట్టి చూడమనండి.

గులకరాళ్ళ గొడవ వద్దనుకుంటే ఇంకో దారి ఉంది, నాకు ఇదే ఎక్కువ ఇష్టం, ఎందుకంటే లెక్కల మాస్టారు కూడా కలిసొస్తారు. సీసా నోటి అడ్డుకొలత 11 సెంటీమీటర్లు అనుకోండి, వైశాల్యం సుమారు 95 చదరపు సెంటీమీటర్లు. రాళ్ళు లేని సీసాలోని నీటిని పొద్దున్నే ఒంపి కొలవండి. 190 మిల్లీలీటర్లు వస్తే, దాన్ని 95 తో భాగిస్తే 2 సెంటీమీటర్లు, అంటే 20 మిల్లీమీటర్ల వాన. ఈ సీసాకి తొమ్మిదిన్నర మిల్లీలీటర్లు ఒక మిల్లీమీటరు అన్నమాట. దగ్గు మందు సీసా మీద వచ్చే పది మిల్లీలీటర్ల కప్పు ఉంటే చాలు, అలాంటి కప్పు ఒకటి నిండితే మిల్లీమీటరు కంటే కాస్త ఎక్కువ పడినట్టు. వాతావరణ శాఖ వాళ్ళ గేజి కూడా చేసే పని ఇదే. వాళ్ళు 200 చదరపు సెంటీమీటర్ల నోరున్న గేజి వాడితే అందులో 20 మిల్లీలీటర్లు ఒక మిల్లీమీటరు, లెక్క సులువుగా ఉండేలా చేసుకున్నారు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో కూడా ధాన్యపు కొట్టు ముందు మూరెడు వెడల్పు నోరున్న పాత్ర పెట్టి వాన కొలవమని ఉంది. ఎంత వాన పడిందో చూసి ఏ విత్తనం వేయాలో తేల్చుకోవాలని కూడా అందులోనే ఉంది, ఈ సంగతి పిల్లలకి తప్పకుండా చెప్పండి.

ఎక్కడ పెడతారన్నది సీసా ఎంత బాగా చేశారన్న దానికంటే ముఖ్యం. నేను ఒక హైస్కూల్లో పనిచేస్తున్నప్పుడు, ఆటల్లో బంతి తగలకుండా ఉంటుందని సీసాని వేపచెట్టు అంచున పెట్టించాం. అదే వాన, ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె ఇంటి దగ్గర ఖాళీ కళ్ళంలో పెట్టుకున్న సీసాలో 13 మిల్లీమీటర్లు, బడి సీసాలో 21. రెండుసార్లు ఇలాగే జరిగింది. మూడోసారి ఆ అమ్మాయి వాన ఆగాక గొడుగు పట్టుకుని చెట్టు కింద కూర్చుంది. వాన లేదు, ఆకాశం తెరుచుకుంది, కానీ కొమ్మ చివర ఉన్న ఆకుల నుంచి చుక్క తర్వాత చుక్క సరిగ్గా గరాటులోకే పడుతోంది, తను వేళ్ళ మీద లెక్కపెడుతోంది. చిన్న జల్లయితే చెట్టే మింగేసి సీసాకి తక్కువ ఇస్తుంది, పెద్ద వానయితే ఆకుల మీద నుంచి జారి ఎక్కువ ఇస్తుంది. చెట్టయినా గోడయినా దాని ఎత్తుకి కనీసం రెండింతల దూరంలో పెట్టాలని పుస్తకంలో ఉంది, నేనూ చెప్పే ఉంటాను, కానీ ఆ రోజు నుంచి ఆ బడిలో ఆ మాట ఎవరికీ రెండోసారి చెప్పాల్సిన అవసరం రాలేదు. నేల మీద చిందిన నీళ్ళు పడకుండా సీసా నోరు నేలకి ఒక అడుగు ఎత్తులో ఉంచండి, చుట్టూ నాలుగు ఇటుకలు పేర్చండి.

ప్రశ్న: మా అబ్బాయి తొమ్మిదో తరగతి. బడిలో చెప్పారని పెరట్లో సీసా పెట్టి రోజూ రాస్తున్నాడు. మొన్న 32 మిల్లీమీటర్లు అన్నాడు. పేపర్లో మా మండలానికి 18 అని వేశారు. పైగా వాన పడింది ఆదివారం సాయంత్రం, పేపర్లో సోమవారం లెక్కలో ఉంది. ఎవరిది తప్పు? నేను వ్యవసాయం చేసుకునేవాడిని, నాకు ఎకరానికి ఎన్ని నీళ్ళు పడ్డాయో తెలిస్తే చాలు.
రాజాం దగ్గర నుంచి ఒక రైతు

జవాబు: ఇద్దరిదీ తప్పు కాకపోవచ్చండి. వాతావరణ శాఖ వాళ్ళు రోజూ పొద్దున్న 8.30కి చూస్తారు, అంతకుముందు 24 గంటల్లో పడ్డదంతా ఆ రోజు తేదీ కింద రాస్తారు. ఆదివారం సాయంత్రం పడ్డ వాన సోమవారం పొద్దున్న చూశారు, సోమవారం కింద రాశారు. మీ అబ్బాయిని కూడా 8.30కే చూడమనండి, బడికి బయల్దేరే ముందు సరిగ్గా సరిపోతుంది. ఇక 32కీ 18కీ తేడా. ఎండ కాసిన రోజు సాయంత్రం వచ్చే ఉరుముల వాన చిన్న మేఘం కింద పడుతుంది, మీ పొలం తడిసి గట్టు అవతలి ఊరు పొడిగా ఉండటం మీరు ఎన్నిసార్లు చూసుంటారు! మండలం లెక్క వాళ్ళ గేజి ఉన్న చోటిది. వాయుగుండం పట్టి రెండు రోజులు ముసురు పెట్టినప్పుడు రెండు లెక్కలూ పోల్చి చూడండి, అప్పుడు కూడా ఇంత తేడా వస్తుంటే సీసా ఉన్న చోటు చూసుకోవాలి.

ఎకరం లెక్క చెప్తాను. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. ఎకరం 4047 చదరపు మీటర్లు, కాబట్టి ఒక మిల్లీమీటరుకి ఎకరాకి 4047 లీటర్లు. మీ అబ్బాయి 32 నిజమైతే లక్షా ముప్పై వేల లీటర్ల దాకా, అంటే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు 26 మీ ఎకరంలో ఒంపినట్టు. సెంటు భూమికైతే మిల్లీమీటరుకి 40 లీటర్లు అని గుర్తుపెట్టుకోండి. పేపర్లో ఒక్కోసారి సెంటీమీటర్లలో వేస్తారు, 6 సెంటీమీటర్లు అంటే 60 మిల్లీమీటర్లు, చూసుకోండి. "భారీ వర్షం" అనే మాటకి కూడా కొలత ఉంది, 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ, 115.6 నుంచి అతి భారీ, 204.5 నుంచి అత్యంత భారీ. రోజుకి రెండున్నర మిల్లీమీటర్లు పడితేనే దాన్ని వానపడ్డ రోజుగా లెక్కవేస్తారు.

ఒక మాట, మీరు తిరిగి మీ అబ్బాయికి నేర్పాల్సింది కూడా ఉంది. 32 మిల్లీమీటర్లకి మీ మెట్టలో పదును (మట్టిలో తడి) ఎంత లోతు దిగిందో తవ్వి చూపించండి, పల్లంలో ఎంత దిగిందో చూపించండి. ఆ అంకె పక్కన ఈ పదును లోతు కూడా రాస్తే అలాంటి నోటుబుక్ ఏ ఆఫీసులోనూ దొరకదు.

ప్రశ్న: మాస్టారూ నమస్తే. నేను ఏడో తరగతి. మా ఊరి దగ్గర ఉప్పు మడులు ఉన్నాయి. వాన సముద్రం నీళ్ళ నుంచే వస్తుంది కదా, మరి వాన నీళ్ళు ఉప్పగా ఎందుకు ఉండవు?
సంతబొమ్మాళి మండలం

జవాబు: నాయనా, జవాబు మీ ఊరి మడుల్లోనే ఉంది. నౌపడ వైపు మడుల్లోకి ఉప్పునీరు పెట్టి ఎండకి వదిలేస్తారు కదా, నీళ్ళు పైకి పోతాయి, ఉప్పు కింద మిగిలిపోతుంది. లీటరు సముద్రపు నీళ్ళలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది, నీరు ఆవిరై లేచినప్పుడు దాన్ని వెంట తీసుకుపోలేదు. ఇంట్లో పళ్ళెంలో ఉప్పునీళ్ళు పోసి డాబా మీద రెండు రోజులు పెట్టు, అంచున తెల్లగా పేరుకుంటుంది.

కానీ ఇందులో ఇంకో సంగతి ఉంది, నాకు చాలా ఇష్టమైనది. అల విరిగినప్పుడు లేచే తుంపరలో కంటికి కనపడని ఉప్పు రేణువులు గాలిలోకి పోతాయి. పైన ఆవిరి చల్లబడి చుక్కగా మారాలంటే అంటుకోవడానికి ఏదో ఒకటి కావాలి, దుమ్మో, పొగో, ఈ ఉప్పు రేణువో. దాని చుట్టూ చేరి మేఘపు చుక్క అవుతుంది. అలాంటి చిన్న చుక్కలు పది లక్షల దాకా కలిస్తే గానీ నీ నెత్తిన పడే ఒక్క వానచుక్క తయారవదు. మేఘం ఆవిరి అని కొందరు రాస్తారు, నువ్వు అలా రాయకు. ఆవిరి కంటికి కనపడదు, మేఘం కనపడుతోందంటే అది అప్పటికే చిన్న చిన్న నీటి చుక్కలు, బాగా ఎత్తున అయితే మంచు ముక్కలు.

ప్రశ్న: మా బడిలో జులై నెలంతా వాన కొలిచి గ్రాఫ్ గీయమని ప్రాజెక్టు ఇచ్చాను, మార్కులు ఉంటాయని చెప్పాను. పోయినేడు ఇలాగే ఇస్తే పన్నెండు మంది నోటుబుక్కుల్లో ఒకే అంకెలు వచ్చాయి, సెలవు రోజులతో సహా! ఒక రోజు అసలు వానే పడలేదు, అందరూ 7 మిల్లీమీటర్లు అని రాశారు. కోప్పడితే ఏడ్చారు. ఈసారి ఏం చేయమంటారు?
గజపతినగరం నుంచి ఒక సైన్స్ టీచర్

జవాబు: కోప్పడకండమ్మా. వాళ్ళు ఖాళీ గడికి భయపడ్డారు. ఖాళీ గడి ఉంటే మార్కు పోతుందని వాళ్ళకి ఎవరూ చెప్పకుండానే తెలుసు, మన పరీక్షలు అలా నేర్పాయి. ఈసారి మొదటి రోజే చెప్పండి, "చూడలేదు" అని రాసినా మార్కు ఉంటుంది, అంకె కల్పిస్తే ఉండదు అని. ఇంకోటి, సున్నాకీ "చూడలేదు"కీ తేడా ఉందని బోర్డు మీద రాసి మరీ చెప్పండి. సున్నా అంటే వెళ్ళాను, చూశాను, వాన లేదు. అది పూర్తి పరిశీలన. నాలుగు చుక్కలు పడి సీసా తడిసి, కొలవడానికి అందకపోతే "జాడ" అని రాయించండి, 0.1 మిల్లీమీటరు కంటే తక్కువ పడినప్పుడు వాతావరణ శాఖ వాళ్ళు కూడా అంకె వేయరు, అలాంటి మాటే రాస్తారు.

ఆదివారాలకి దారి ఉంది. సోమవారం పొద్దున్న చూసినప్పుడు సీసాలో 24 ఉంటే, "ఆది, సోమ కలిపి 24" అని రాయాలి, పన్నెండు పన్నెండు అని పంచకూడదు. రెండు రోజులు నిలవ ఉండేటప్పుడు సీసాలో నాలుగు చుక్కల వంటనూనె వేస్తే పైన పొరలా పరుచుకుని నీరు ఇగిరిపోకుండా ఆపుతుంది. లేదంటే బడి పక్క ఇంటి పిల్లకి ఆదివారం బాధ్యత ఇవ్వండి. ఒక్కొక్కరికి ఒక్కో సీసా కాకుండా తరగతికి మూడు సీసాలు, ఒక్కో సీసాకి నలుగురు, ఒకరు చూసి చెప్తే ఇంకొకరు మళ్ళీ చూసి రాయాలి. మూడు సీసాలూ సరిగ్గా ఒకే అంకె ఇవ్వవు, 15, 16, 14 అలా వస్తాయి. అప్పుడు ఏది కరెక్టని అడుగుతారు చూడండి, మీ అసలు పాఠం ఆ రోజు మొదలవుతుంది. ఆ 7 గురించి కూడా వాళ్ళనే కూర్చోబెట్టి మాట్లాడండి. మీరు కొలిచిన వానని నమ్మి మీ నాన్న ఉభాలు (వరినాట్లు) మొదలుపెడితే ఏమవుతుంది అని అడగండి. రైతుల పిల్లలు, వాళ్ళకి వెంటనే తెలుస్తుంది.

ప్రశ్న: నీరు తిరిగి తిరిగి వస్తూనే ఉంటుందని, భూమి మీద నీరు తగ్గదని పుస్తకంలో ఉంది. మరి మా నుయ్యి ఏప్రిల్ కల్లా ఎందుకు ఎండిపోతోంది? మా టీచర్ని అడిగితే పరీక్షలో ఇది రాదు అన్నారు.
బొబ్బిలి దగ్గర నుంచి పదో తరగతి విద్యార్థిని

జవాబు: తల్లీ, ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టింది నీదే. పుస్తకంలో ఉన్నది నిజమే, మొత్తం నీరు తగ్గదు. కానీ ఆ మొత్తంలో 97 శాతం ఉప్పునీరు. మిగిలిన కొంచెంలో ఎక్కువ భాగం మంచుగా గడ్డకట్టి ఉంది. నీకు కావలసింది మీ నూతిలో, ఏప్రిల్లో, మంచినీరు. చోటూ కాలమూ కలవాలి.

గాలిలోకి లేచిన నీరు సగటున తొమ్మిది పది రోజుల్లో మళ్ళీ కిందికి వచ్చేస్తుంది. అదే నీరు నేలలోకి దిగితే బయటికి రావడానికి నెలలు పట్టొచ్చు, బాగా లోతుకి పోతే వందల వేల ఏళ్ళు కూడా. నేల మీద పడిన వానలో దాదాపు మూడింట రెండొంతులు ఇగిరీ, చెట్ల ఆకుల గుండానూ తిరిగి గాలిలోకే పోతుంది. మిగిలినదాంట్లో కొంత గెడ్డల్లో పారిపోతుంది. నుయ్యికి దక్కేది ఆ చివరి వాటా. మన వైపు అడుగున గట్టి రాయి, దాని పైన మెత్తబడి చీలికలు పడ్డ పొర, నూతి నీరు ఎక్కువగా ఆ పొరలోదే. అది ఒక పరిమాణం ఉన్న కుండ లాంటిది. మన జిల్లాల్లో ఏడాదికి 1100 మిల్లీమీటర్లకి పైనే పడుతుంది, అందులో సగానికి పైగా జూన్ నుంచి సెప్టెంబరు లోపే, ఇంకొంత అక్టోబరు, నవంబరు తుఫాన్లతో. ఆ తర్వాత ఆర్నెల్లు తీయడమే, పోయడం లేదు. చుట్టూ బోర్లు లోతుగా తీసి అదే కుండలోంచి తోడుతుంటే, చెరువు పూడిపోయి నీరు నిలిచి దిగే చోటు తగ్గిపోతే, ఏప్రిల్ అనేది మార్చి అవుతుంది. ముసురు వాన మెల్లగా దిగుతుంది, గంటలో కుమ్మరించే వాన ఎక్కువ పారిపోతుంది, కాబట్టి ఏడాది మొత్తం అంకె ఒకటే అయినా నూతికి రెండూ ఒకటి కావు.

నువ్వు చేయగలిగిన పని ఒకటి చెప్తాను. ప్రతి నెలా ఒకటో తేదీ పొద్దున్న, ఎవరూ నీళ్ళు తోడకముందు, తాడుకి చిన్న రాయి కట్టి నూతిలోకి వదిలి, గట్టు నుంచి నీటి దాకా ఎంత ఉందో కొలిచి రాయి. పక్కన పెద్దవాళ్ళు ఎవరైనా ఉండాలి, ఒక్కదానివీ వంగకు. ఆ నెలలో పడ్డ వాన ఇంకో గడిలో రాయి. వాన ఎక్కువ పడ్డ నెలకి, నీరు బాగా పైకి వచ్చిన నెలకి మధ్య ఎంత ఎడం ఉందో ఏడాది తిరిగేసరికి నీకు తెలుస్తుంది. మీ బడి కప్పు పది మీటర్ల పొడవు ఆరు మీటర్ల వెడల్పు అనుకో, 50 మిల్లీమీటర్ల వానకి దాని మీద మూడు వేల లీటర్లు పడుతుంది. ఆ నీరు ఇప్పుడు ఎటు పోతోందో వెళ్ళి చూసి మీ టీచర్ కి చెప్పు. కోపంగా కాదు, ఆవిడ కూడా సిలబస్ టెన్షన్ లో ఉండి ఉంటారు.

ప్రశ్న: తుఫాను వచ్చినప్పుడు మన సీసా గేజి పనికొస్తుందా?
పలాస

జవాబు: తక్కువ చూపిస్తుంది. గాలికి వాన ఏటవాలుగా కొట్టి సీసా నోటి మీదుగా దాటిపోతుంది, పైగా 200 మిల్లీమీటర్లు దాటితే చాలా సీసాలు నిండి పొంగిపోతాయి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను మీ దగ్గరే తీరం దాటింది, ఆ గాలికి ఉద్దానంలో కొబ్బరి చెట్లే నిలబడలేదు. పిల్లలకి గట్టిగా చెప్పండి, తుఫానులో గానీ పిడుగులు పడుతున్నప్పుడు గానీ సీసా కోసం ఎవరూ బయటికి వెళ్ళకూడదు. "చూడలేదు" అని రాస్తే చాలు.

ప్రశ్న: నాకు డెబ్బై ఏడేళ్ళు. మా మనవడు సీసాతో వాన కొలిచి మిల్లీమీటర్లంటాడు. నేను ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదంటే నవ్వుతాడు. మా కార్తెలన్నీ ఉత్తిదేనా బాబూ?
నెల్లిమర్ల

జవాబు: ఉత్తిది ఎలా అవుతుంది తాతగారూ. కార్తె అంటే సూర్యుడు ఒక నక్షత్రంలో ఉండే పదమూడు పద్నాలుగు రోజులు. ఏడాదికి ఇరవై ఏడు. నెల కంటే చిన్నది, వారం కంటే పెద్దది, పంటకి సరిపడే కొలత. మఖ పుబ్బలు వరపైతే మహా క్షామం అన్నారంటే, ఆగస్టు సగం నుంచి సెప్టెంబరు సగం దాకా వాన లేకపోతే ఉభాలు పడ్డ వరికి ఏమవుతుందో చూసి చూసి అన్నారు. ఫైలిన్ తుఫాను 2013 అక్టోబరు 12న, హుద్ హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న వచ్చాయి, మూడూ చిత్త కార్తె మొదలయ్యే రోజుల్లోనే.

మీ మనవడిని పంచాంగం తెచ్చుకుని మీ పక్కన కూర్చోమనండి. తేదీల పక్కన కార్తె పేర్లు మీరు చెప్పండి, వాడు రాస్తాడు. ఒక్కో కార్తెలో ఎన్ని మిల్లీమీటర్లు పడిందో వాడు కూడి చెప్తాడు. మీకు గుర్తున్న సామెతలన్నీ ఆ పేజీల కిందే రాయించండి, ఏది ఈ ఏడు నిలబడింది, ఏది తప్పింది అన్నది ఇద్దరూ కలిసి చూడండి. ఆరుద్ర ఇంకో నాలుగు రోజుల్లో వస్తుంది, సీసా ఖాళీ చేసి పెట్టుకోమనండి. పుబ్బ దాటాక ఆ అంకెలు నాకు పంపిస్తే వచ్చే శీర్షికల్లో వేస్తాను.